మంచు చిరుత బతకాలంటే ముందు పశువుల దొడ్డి గట్టిగా ఉండాలి

అడవి పక్కన సేద్యం చేసేవాళ్లు చాలామంది నన్ను అడిగే మాట ఒకటే: "జంతువుల్ని కాపాడమంటారు సరే, మా నష్టం ఎవరు భరిస్తారు?" న్యాయమైన ప్రశ్న ఇది. హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయ రైతులు దీనికి వెతుక్కున్న దారిని వీడియోలో క్లుప్తంగా చెప్పాను. మిగతా వివరాలు ఇక్కడ చదవండి.

పశువు పోతే పొలం కూడా పోయినట్టే

స్పితిలో కిబ్బర్ అనే ఊరు సుమారు 4,200 మీటర్ల ఎత్తులో ఉంది. ఏడాదికి ఒక్కటే పంట. బార్లీ, పచ్చి బఠాణీ వేస్తారు. చెట్టూ చేమా తక్కువ కాబట్టి పొయ్యిలోకి ఎండు పేడ కావాలి, పొలానికి పశువుల ఎరువే కావాలి. ఒక యాక్ పోతే ఎంత నష్టమో ఆవును నమ్ముకుని సేద్యం చేసే మనకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ ప్రాంతంలోని 16 ఊళ్లలో చారుదత్ మిశ్రా అనే పరిశోధకుడు వివరాలు సేకరించి 1997లో ప్రచురించారు. 18 నెలల్లో తమ పశువుల్లో 18 శాతాన్ని మంచు చిరుతలు, తోడేళ్లు చంపాయని అక్కడి రైతులు చెప్పారు. ప్రభుత్వ పరిహారం ఆ నష్టంలో 3 శాతం మాత్రమే. అలాంటప్పుడు చిరుత మీద కోపం రాకుండా ఎలా ఉంటుంది?

వాళ్లు చేసిన మూడు పనులు

1. మేత భూమి వదలడం: కిబ్బర్ ఊరివాళ్లు 1998లో మైసూరుకు చెందిన నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్‌తో ఒప్పందం చేసుకున్నారు. కొంత మేత భూమిలోకి తమ పశువుల్ని తోలడం మానేశారు. దానికి ప్రతిఫలం ఊరికి అందింది, కాపలా పని ఊరివాళ్లకే దక్కింది. గడ్డి కోలుకుంది, కొండ మీద తిరిగే నీలి గొర్రెలు పెరిగాయి. మంచు చిరుతకు అసలు ఆహారం అవే.

2. ఊరి బీమా: పశువుకు ఇంత అని రైతులే ప్రీమియం కడతారు, సంస్థ కొంత కలుపుతుంది. పశువును నిజంగా చిరుతే చంపిందా అని తేల్చేది ఊరి కమిటీ. పక్కింటివాళ్లే చూస్తారు కాబట్టి అబద్ధం నడవదు, ఆఫీసుల చుట్టూ తిరిగే పనీ ఉండదు.

3. గట్టి దొడ్డి: చిరుత పైకప్పు లేని దొడ్డిలోకి దూకిందంటే గొర్రెలు పారిపోలేవు, ఒక్క రాత్రిలోనే చాలా చచ్చిపోతాయి. అందుకే లద్దాఖ్‌లో చాలా ఊళ్లలో దొడ్డి పైన ఇనుప వల పరిచి, గట్టి తలుపు పెట్టారు. అక్కడే హెమిస్ నేషనల్ పార్కులోని రుంబక్ లాంటి ఊళ్లలో ఇళ్లలోనే యాత్రికులకు బస ఇస్తున్నారు. చిరుతను చూడటానికి వచ్చినవాళ్ల డబ్బు నేరుగా ఆ ఇంటి ఆడవాళ్ల చేతికి వస్తోంది.

ఒక జాగ్రత్త

అడవిలో తిండి పెరిగితే చిరుత పశువుల జోలికి రాదులే అనుకోకూడదు. తిండి పెరిగితే చిరుతలూ పెరుగుతాయి. అందుకే మేత భూమి ఒక్కటి వదిలితే సరిపోదు, దొడ్డీ బీమా కూడా దానితో పాటే నడవాలి. 2024లో వెలువడిన లెక్క ప్రకారం మన దేశంలో మంచు చిరుతలు 718. అందులో 477 లద్దాఖ్‌లోనే ఉన్నాయి. అవి తిరిగేది మనుషులు పశువులు మేపుకునే కొండల్లోనే. ఊరివాళ్లు వద్దనుకుంటే ఏ చట్టమూ వాటిని కాపాడలేదు.

మనం తీసుకోవాల్సింది

మన దగ్గర మంచు చిరుత లేదు గానీ నల్లమలలో, మన్యంలో చిరుతలున్నాయి, అడవి పందులున్నాయి. మందకు రాత్రిపూట పైకప్పున్న దొడ్డి కట్టండి. చిరుత పశువును చంపితే కళేబరం కదపకముందే ఫోటో తీసి, అటవీ సిబ్బందికి వెంటనే చెప్పండి. కళేబరానికి విషం పెట్టొద్దు. దాన్ని తిన్న రాబందులు, కుక్కలు కూడా చస్తాయి. పందుల కోసం కరెంటు తీగ అసలే పెట్టొద్దు. రాత్రి నీళ్లు కట్టడానికి వెళ్లిన మనిషి ప్రాణం కూడా పోతుంది.

ఊళ్లో పది మంది మేకల పెంపకందార్లు ఉంటే నెలకు కొంత చొప్పున పోగేసి ఒక నిధి పెట్టుకోవచ్చు. పరిహారం వచ్చేదాకా ఆ ఇల్లు గడవడానికి అది ఆసరా. నష్టం ఒక్కడి నెత్తిన పడితే వాడు చిరుతను చంపాలనే చూస్తాడు. పది మంది పంచుకుంటే చిరుతా బతుకుతుంది, రైతూ బతుకుతాడు.