పాత కంప్యూటర్‌లో ఈమెయిల్

జంషెడ్‌పూర్‌లో కదమాలోని మా ఇంటి పాత కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరుచుకునేలోగా టీ కాచుకోవచ్చు. అందుకే మా అబ్బాయి అందులో ఆల్పైన్ పెట్టాడు. బొమ్మలుండవు, అన్నీ అక్షరాలే. 1989లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మొదలైన పైన్‌కు ఇది వారసురాలు.

దీనికి రెండు సర్వర్ల పేర్లు చెప్పాలి. వచ్చిన మెయిల్ చూపేది ఐమ్యాప్, పోర్టు 993. మనది పంపేది ఎస్‌ఎంటీపీ, పోర్టు 587. ఐమ్యాప్‌లో మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది కనుక ఇక్కడ తీసేస్తే ఫోన్‌లోనూ పోతుంది.

జీమెయిల్ ఇక్కడ మామూలు పాస్‌వర్డ్ ఒప్పుకోదు. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. దాంతో లోపలికి వెళ్లేవారిని ఓటీపీ అడగదు! అది ఎవరికైనా చిక్కితే మన స్టేట్‌మెంట్లన్నీ చదివేస్తారు. ఏటీఎం పిన్‌లాగే దాచండి. కంప్యూటర్ అమ్మేముందు గూగుల్ ఖాతాలో దాన్ని రద్దు చేయండి. ఆఫీసు మెయిల్ మాత్రం ఇలా కలపవద్దు.