రాతిలోకి బంగారం ఎలా వచ్చింది?

పిల్లలూ! హైదరాబాదు నుంచి శంషాబాదు విమానాశ్రయానికి వెళ్ళే దారిలో, ఒకదానిమీద ఒకటి పేర్చిపెట్టినట్టున్న బండరాళ్ళను మీరు చూసే ఉంటారు. అవి గ్రానైటు రాళ్ళు. వాటి వయస్సు ఎంతో తెలుసా? సుమారు 250 కోట్ల సంవత్సరాలు!

వాటిలో బంగారం ఉన్నదా అని అడిగితే, ఉన్నదనే చెప్పాలి. కాని సంబరపడకండి! ఒక టన్ను మామూలు రాతిని పిండిచేసి వెదికినా నాలుగైదు మిల్లీగ్రాములకు మించి దొరకదు. అంతకంటె ఎంతో ఎక్కువ ఉంటేనే గని తవ్వడం గిట్టుబాటవుతుంది. అంటే, చెల్లాచెదరుగా ఉన్న బంగారాన్ని ఎవరో ముందుగా ఒకచోట చేర్చిపెట్టాలన్నమాట. ఆ పని చేసినది ఎవరు? వేడినీరు!

శంషాబాదుకు నైరుతి దిక్కున, కృష్ణానదికి ఆవల, రాయచూరు జిల్లాలో హట్టి అనే ఊరున్నది. 1956 వరకు ఆ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది. అక్కడ నేటికీ బంగారపు గని నడుస్తున్నది. దాదాపు 270 కోట్ల సంవత్సరాల క్రితం అక్కడ సముద్రపు అడుగున లావా పరుచుకొని గట్టిపడింది. తరువాత ఆ రాళ్ళు భూమి లోపలి ఒత్తిడికి మడతలు పడి, బీటలు వారాయి. ఆ బీటల వెంట, లోతు నుంచి 300, 400 డిగ్రీల వేడినీరు పైకి వచ్చింది.

ఆ నీటిలో గంధకం ఉన్నది. గంధకం తోడుంటే బంగారం కూడా వేడినీటిలో కరుగుతుంది. అయితే లావా రాళ్ళలో ఇనుము ఎక్కువ. గంధకం కాస్తా బంగారాన్ని విడిచి ఇనుముతో చేరిపోయింది. తోడు పోయిన బంగారం నీటిలో నిలవలేక, తెల్లని పలుగురాతి చారలలోనూ వాటి పక్క రాళ్ళలోనూ ఉండిపోయింది.

అరుదైన మృత్తిక లోహాల సంగతి వేరు. పటికబెల్లం తయారుచేసేటప్పుడు చక్కెర గడ్డకట్టి, మలినాలు పాకంలో మిగిలిపోతాయి గదా! కరిగిన రాయి చల్లారేటప్పుడు కూడా అంతే. ఈ లోహాలు మామూలు స్ఫటికాలలో ఇమడవు. అందువల్ల చివరిదాకా మిగిలిన ద్రవంలో పోగుపడతాయి. అనంతపురం జిల్లాలోని సైనైట్ రాళ్ళలో ఇవి ఉన్నాయని 2023లో హైదరాబాదు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వారు ప్రకటించారు. వీటిలో ఒకటైన నియోడిమియంతో, చిన్నవైనా చాలా బలమైన అయస్కాంతాలు చేస్తారు.

ప్రకృతి ఇంత ఓపికగా కూడబెట్టినదాన్ని మనం ఎంత త్వరగా ఖర్చుచేస్తున్నామో చూడండి. కోలారు గనులలో 1880 తరువాత మొదలైన పెద్ద తవ్వకం సుమారు 120 ఏళ్ళు సాగింది. దాదాపు 800 టన్నుల బంగారం పైకి వచ్చింది. లోతు మూడు కిలోమీటర్లు దాటింది, రాతిలో బంగారం తగ్గింది, ఖర్చు పెరిగింది. 2001లో గనులు మూసివేశారు. అవి మళ్ళీ నిండాలంటే ఎన్ని కోట్ల ఏళ్ళు కావాలో!

ఒక టన్ను పాత సెల్‌ఫోన్లలో, టన్ను మంచి గనిరాతిలో కంటె ఎక్కువ బంగారం ఉంటుంది. వాటిని చెత్తలో పారవేస్తే, భూమి చేర్చిపెట్టినదాన్ని మనమే మళ్ళీ చెల్లాచెదరు చేసినట్టు. మీ ఇంట్లో పాడైన ఫోను ఉంటే, దాన్ని తిరిగి తీసుకొనే చోట ఇచ్చిరమ్మని మీ నాన్నగారితో చెప్పండి.