ఉదయగిరి తిరునాళ్ళు - చారిత్రకవస్తువు

ప్రాచీనమైన తిరునాళ్ళను చరిత్రతో ముడివెట్టి పునరుద్ధరింపవలెనను తలంపు పలుచోట్ల వినవచ్చుచున్నది. ఉదయగిరికి తగిన వస్తువేది? కృష్ణదేవరాయల దుర్గవిజయమని యెల్లరు నందురు. 1513లో ముట్టడి యారంభమై, 1514 జూనులో కోట గజపతులనుండి రాయల వశమైనది.

నా దృష్టిలో అంతకంటె ముఖ్యము, రాయలు ఇచ్చటినుండి కొనిపోయిన బాలకృష్ణవిగ్రహము. దానిని విజయనగరమున, అనగా నేటి హంపీలో, 1515 ఫిబ్రవరియందు ప్రతిష్ఠించినట్లు అచ్చటి శాసనము తెలుపుచున్నది. ఆ విగ్రహ మిప్పుడు చెన్నై ప్రభుత్వ ప్రదర్శనశాలలో నున్నది. విజయము రాజధాని చెప్పుకొన్న కథ. స్వామి తరలిపోవుట ఈ యూరి కథ.

తిరునాళ్ళు మొక్కుబడివలనను, అంగళ్ళవలనను నిలుచును. ఆత్మకూరు చెంత అనుమసముద్రంపేట దర్గా గంధోత్సవమును, ఉదయగిరి ప్రాంతమున నర్రవాడ వెంగమాంబ పేరంటాలు తిరునాళ్ళును అట్లే నిలిచియున్నవి. హంపీ ఉత్సవమును నడుపునది ప్రభుత్వము. ఆ యండ లేనిచోట వేషములు, దీపాలంకారములు రెండేండ్లకు మించి సాగవు. విజయదినమనుచు జూనునే యెన్నుకొన్నచో, జ్యేష్ఠమాసపు నర్రవాడ తిరునాళ్ళతో పోటీ తప్పదు. జనము అక్కడికే పోదురు. ప్రతిష్ఠ జరిగిన ఫిబ్రవరియే మేలు. ఎండలు ముదరవు, ఉదయగిరి కొయ్యగరిటెలు, చెంచాలు చేయువారికిని ఒక సంత దొరకును.

కొండమీది గోల్కొండకాలపు మసీదులను విడిచి ఈ దుర్గచరిత్రను చెప్పరాదు. ఆ దినమున శాసనమును చదివి, దాని యర్థమును గ్రామస్థులకు తెలుగున విప్పిచెప్పువా రుండవలెను. ఆ పని మన పరిశోధకవిద్యార్థులది.