మూడు దేశములు కూడి చేసిన మోటారుకారు



చిరకాలము బాలురకు వ్యాకరణము బోధించిన నాకు మోటారుకార్లతో నేమి పనియని మీ రడుగవచ్చును. పలువురు కూడి చేయు పని యెట్లు సాగునో, ఎచ్చట చిక్కుబడునో తెలిసికొనుటకు ‘నాష్-హీలీ’ యను పందెపు కారు చరిత్ర మంచి దృష్టాంతము. కావుననే దానిని విన్నవించుచున్నాను.

ఇంగ్లండు దేశమున డొనాల్డ్ హీలీ యను నతడు కారు నడుపుటయందును, నిర్మించుటయందును గూడ నేర్పరి. 1931లో మాంటీకార్లో పందెమున గెలుపొందెను. వారిక్ పట్టణమున నతనికి చిన్న కార్ఖానా యుండెను గాని, తగిన బలముగల ఇంజను లేకుండెను. దానికొరకై 1949లో ‘క్వీన్ ఎలిజబెత్’ ఓడపై ప్రయాణించుచుండగా, నాష్ మోటారు కంపెనీ అధ్యక్షుడు జార్జి మేసన్ తారసపడెను. ఇరువురకును ఛాయాచిత్రములు తీయుటయం దభిరుచి యుండుటచే మాటలు కలిసెను. మేసన్‌కు ఇంజనులు కలవు, పేరు దెచ్చు పందెపు కారు లేదు. ఇట్లు ఒకరి కొరత నొకరు తీర్చుకొనిరి.

నాష్‌వారు ఆరు సిలిండర్ల ఇంజనును పంపిరి. హీలీ దానిని తన చట్రమున నమర్చెను. ఫ్రాన్సులోని ల్-మాన్ నగరమున ఇరువదినాలుగు గంటలు ఎడతెగక సాగు పందెము కలదు. 1950లో ఆ పందెమున వీరి కారు నాలుగవదిగా, 1952లో మూడవదిగా నిలిచెను. ఆ రెండవమారు దానికి ముందు నిలిచినవి రెండు మెర్సిడెస్ కార్లు మాత్రమే.

1952లో దీనికి క్రొత్త సొగసు గూర్చుటకై ఇటలీలోని పినిన్ ఫరీనా అను శిల్పిని కూడ చేర్చుకొనిరి. చిక్కంతయు నిక్కడనే కలిగినది. ఇంజను అమెరికానుండి సముద్రము దాటి ఇంగ్లండు చేరవలెను. అచట చట్రమున బిగింపబడి ఇటలీలోని ట్యూరిన్ నగరమునకు బోవలెను. అచట పైకట్టు ముగిసిన పిదప, కొనువారికొరకు మరల సముద్రము దాటి అమెరికా చేరవలెను!

మన యూరి కమ్మరి కఱ్ఱు చేసి దూరదేశమునకు పంపగా, అచటి వడ్రంగి దానిని నాగలికి తొడిగి, నునుపుచేయుటకై మూడవ దేశమునకు పంపినయెడల, ఆ నాగలి వెల యెంతయగును? ఈ కారుకును నట్లే యయ్యెను. 1953లో దాని వెల ఇంచుమించు 6,000 డాలర్లు. ఆ సంవత్సరమే అమెరికాలో బయలుదేరిన షెవ్రొలే కంపెనీ ‘కార్వెట్’ కారు వెల 3,498 డాలర్లు. నాష్-హీలీ కార్లు 1951 మొదలు 1954 వరకు మొత్తము 506 మాత్రమే తయారై, పని నిలిచిపోయెను.

హీలీ మాత్రము నిరుత్సాహపడలేదు. 1952లోనే స్వదేశమందలి ఆస్టిన్ కంపెనీతో గూడి ‘ఆస్టిన్-హీలీ 100’ అను కారును వెలయించెను. ఇంజను, చట్రము, పైకట్టు అన్నియు ఇంగ్లండులోనే సిద్ధమగుటచే, 1956 నాటికి అట్టివి 14,000లకు పైగా తయారయ్యెను.

నేర్పు హీలీకి రెండుమారులును ఒక్కటియే, కలిసినవారును సమర్థులే. భేదమెల్ల దారిలోనే యున్నది. ఉమ్మడిపనికి పూనువారు, తమతో నెవరు కలిసిరను లెక్కతోపాటు, వస్తువు చేతులు మారుటకు బట్టు వ్యయమునుగూడ ముందే లెక్కించుకొనుట మేలు.