ఎత్తిపోతలలో దూకేది చంద్రవంక

అపోహ: ఎత్తిపోతల జలపాతంలో పడేవి నాగార్జునసాగర్ డ్యామ్ నీళ్లు.

సాగర్ చూసి అటు నుంచి అటే ఎత్తిపోతలకు వచ్చేవాళ్లలో చాలామంది ఇలాగే అనుకుంటారు. డ్యామ్‌కు సుమారు 11 కిలోమీటర్ల దూరమే కాబట్టి అలా అనిపించడం సహజం. కానీ ఇక్కడ దూకేది చంద్రవంక. మాచర్లలో చెన్నకేశవస్వామి గుడి పక్కన పారే ఏరే నక్కలవాగు, తుమ్మలవాగులను కలుపుకొని దాదాపు 70 అడుగుల కిందికి దూకుతుంది. అక్కడి నుంచి లోయలో మూడు కిలోమీటర్లు పోయి కృష్ణలో కలుస్తుంది. పల్నాటి యుద్ధంలో మాచర్ల పక్షాన నిలిచిన బ్రహ్మనాయుడి కథలు వింటూ పెరిగిన పల్నాటివాళ్లం కూడా, ఆయన మాచర్లను ఒరుసుకుని పారే ఏటి పేరు మరిచి 'సాగర్ జలపాతం' అంటుంటే నాకు మనసు కలుక్కుమంటుంది.

ఈ అపోహలో కొంత నిజం లేకపోలేదు. వానలు వెనకబడి వాగులు ఎండినప్పుడు, పర్యాటకుల కోసం సాగర్ కుడికాలువ నుంచి నీళ్లు వదులుతుంటారు. అవి కృష్ణ నీళ్లే. అయితే కాలువ నీళ్లతో ఎప్పుడు పోయినా ఒకేలా కనిపిస్తుందనుకోకండి. మంచి వానలు పడి వాగులు పొంగితే పాయలన్నీ ఒక్కటై బండ కనిపించదు. ఎండాకాలంలో అదే బండ మీద సన్నటి ధారలు మిగులుతాయి. దూరం నుంచి వచ్చేవాళ్లు ఆగస్టు తర్వాత, పైన వాన పడిందో లేదో కనుక్కుని బయల్దేరితే మేలు.

రాష్ట్రంలో ఇదే అన్నిటికంటే ఎత్తయినదనే మాటా వినిపిస్తుంది. కాదు, తలకోన దీనికంటే చాలా ఎత్తు. హైదరాబాద్ నుంచి సాగర్ మీదుగా వచ్చేవాళ్లు ఇది నల్గొండ జిల్లాలో ఉందనుకుంటారు. ఇది 2022లో ఏర్పడిన మన పల్నాడు జిల్లాలో ఉంది.

అపోహ: మొసళ్లు పెంపక కేంద్రంలోనే ఉంటాయి, మడుగులో దిగితే ఏమీ కాదు.

ప్రాణం మీదికి తెచ్చేది ఈ నమ్మకమే. ఇక్కడ మొసళ్ల పెంపక కేంద్రం ఉన్నమాట నిజమే. జలపాతం కింది మడుగులోనూ మొసళ్లు తిరుగుతాయి. చలికాలం పొద్దున ఎండ కాగడానికి బండల మీదికి వస్తాయి. మిగతా వేళ కళ్లు, ముక్కు తప్ప ఒళ్లంతా నీళ్లలోనే ఉంటుంది. బురద రంగు వీపు బండ రంగులో కలిసిపోతుంది, పక్కనే ఉన్నా పోల్చుకోలేం. నీళ్లు కదలకుండా ఉన్నాయంటే మొసలి లేదని కాదు.

రంగనాథస్వామి, దత్తాత్రేయస్వామి గుళ్లకు మెట్లు దిగేవాళ్లు కూడా స్నానమంటూ మడుగు వైపు పోవద్దు. ఇక్కడ ఎండ కాస్తున్నా పైన కొండల్లో వాన పడితే వాగు ఉన్నట్టుండి పెరుగుతుంది. ఎదురుగా ఉన్న వ్యూ పాయింట్ నుంచి జలపాతం నిండుగా కనిపిస్తుంది, పిల్లలతో వెళ్లినవాళ్లు అక్కడి నుంచే చూడండి.