ఆరు అమైనో ఆమ్లాల ఆకలి కథ

కండలు పెంచే ఇంజెక్షన్ అని జిమ్ముల్లో చెవిలో చెప్పుకునే జీహెచ్‌ఆర్‌పీ-6 నిజానికి ఒక సహజ నొప్పి నివారిణిని పోలిన పెప్టైడ్ల నుంచి పుట్టింది. 1970ల చివర్లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరం, టులేన్ విశ్వవిద్యాలయంలో సిరిల్ బోవర్స్ అనే వైద్యుడు తన బృందంతో కలిసి ఎన్‌కెఫలిన్‌ను పోలిన చిన్న పెప్టైడ్లను, అంటే అమైనో ఆమ్లాల గొలుసులను, తయారు చేయిస్తున్నారు. ఎన్‌కెఫలిన్ అంటే మన మెదడే తయారు చేసుకునే నొప్పి నివారిణి. ఆ పెప్టైడ్లలో కొన్నింటికి నొప్పి తగ్గించే గుణం బొత్తిగా పోయింది. అయినా పీయూష గ్రంథి కణాల మీద వేస్తే, ఆ కణాలు పెరుగుదల హార్మోన్‌ను బయటికి వదిలాయి.

బోవర్స్ ఆ దారిని వదల్లేదు. రసాయన శాస్త్రవేత్త ఫ్రాంక్ మొమానీ కంప్యూటర్ లెక్కలతో అణువు ఆకారాన్ని అంచనా వేస్తూ వచ్చారు. ఎన్నో మార్పుల తర్వాత 1984లో జీహెచ్‌ఆర్‌పీ-6 లోకానికి తెలిసింది. అందులో ఉన్నవి ఆరే అమైనో ఆమ్లాలు: హిస్టిడిన్, ట్రిప్టోఫాన్, అలనిన్, మళ్లీ ట్రిప్టోఫాన్, ఫినైల్ అలనిన్, లైసిన్. వీటిలో రెండోదీ అయిదోదీ డి-రూపంలో ఉంటాయి. మన శరీరంలోని ప్రోటీన్లు వాడుకునేది ఎల్-రూపాన్ని. అందుకే ప్రోటీన్లను కత్తిరించే ఎంజైములకు ఈ పెప్టైడ్ అంత తేలిగ్గా లొంగదు.

ఆ రోజుల్లో ఇది చిన్న వార్త కాదు. అప్పటివరకు పెరుగుదల హార్మోన్‌ను చనిపోయినవారి పీయూష గ్రంథుల నుంచి తీసేవారు. అలా తీసిన హార్మోన్ ఎక్కించుకున్న కొందరికి క్రూట్జ్‌ఫెల్ట్-జాకబ్ అనే ప్రాణాంతక మెదడు జబ్బు వచ్చిందని 1985లో బయటపడింది. దాంతో అమెరికాలో ఆ సరఫరా ఆగిపోయింది. జన్యు ఇంజినీరింగ్‌తో చేసిన హార్మోన్ అదే ఏడు ఆమోదం పొందింది. కానీ అది 190కి పైగా అమైనో ఆమ్లాల పెద్ద అణువు, ఖరీదైన మందు. దాని బదులు ఆరు అమైనో ఆమ్లాలతో సొంత గ్రంథి చేతనే హార్మోన్‌ను విడుదల చేయించగలిగితే ఎంత బాగుండు అనుకోవడం సహజం.

అయితే ఒక చిక్కు మిగిలింది. పెరుగుదల హార్మోన్‌ను విడుదల చేయించే సహజ హార్మోన్ జీహెచ్‌ఆర్‌హెచ్ 1982లోనే దొరికింది. బోవర్స్ పెప్టైడ్‌ను దానితో కలిపి ఇస్తే, రెండింటి ప్రభావాలను విడివిడిగా కూడినదాని కంటే ఎక్కువ హార్మోన్ వచ్చింది. అంటే రెండూ పనిచేసే చోట్లు వేరు. మరి ఈ పెప్టైడ్ అతుక్కునే గ్రాహకం ఏది? ఒంట్లో దీనికి సాటి వచ్చే సహజ పదార్థం ఏది? ఎవరికీ తెలియదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వ్యవహారం. ఇక్కడి విశేషమేమిటంటే, ఆ సోమలింగం నిజంగానే పుట్టాడు.

ముందు గ్రాహకం దొరికింది. 1996లో మెర్క్ కంపెనీ శాస్త్రవేత్తలు దాని జన్యువును పట్టుకున్నారు. తర్వాత జపాన్‌లో, ఒసాకాలోని జాతీయ హృద్రోగ కేంద్రంలో మసయాసు కొజిమా, కెంజి కంగావా బృందం ఆ గ్రాహకం ఉన్న కణాలను పెంచింది. వాటి మీద ఒక్కో అవయవం నుంచి తీసిన సారాన్ని వేసి, కణంలో కాల్షియం పెరుగుతోందా అని చూసింది. మెదడులో ఉంటుందనుకున్న పదార్థం ఎలుక జీర్ణాశయంలో దొరికింది. 1999లో ప్రకటించిన ఆ హార్మోనే గ్రెలిన్. 28 అమైనో ఆమ్లాలు, మూడో దానికి అతుక్కున్న చిన్న కొవ్వు ఆమ్లం. ఆ కొవ్వు తోక లేకపోతే ఈ గ్రాహకాన్ని కదిలించలేదు. రక్తంలో గ్రెలిన్ భోజనానికి ముందు పెరుగుతుంది, తిన్నాక తగ్గుతుంది.

వాడినవాళ్ల అనుభవాలకు అర్థం ఇక్కడ దొరుకుతుంది. చిన్న సీసా అడుగున తెల్లటి పొడి. దాన్ని నీటిలో కలిపి, ఇన్సులిన్ సూదితో పొట్ట చర్మం కింద ఎక్కించుకుంటారు. సీసా మీద చాలాసార్లు ‘పరిశోధనకు మాత్రమే, మనుషుల వాడకానికి కాదు’ అని ఉంటుంది. జీహెచ్‌ఆర్‌పీ-6 వాడినవాళ్లు మొట్టమొదట చెప్పేది కండల గురించి కాదు, ఆకలి గురించి. సూది వేసుకున్న కాసేపటికే, ఇప్పుడే అన్నం తిని లేచినా సరే, కంచం ముందు కూర్చోవాలనిపిస్తుందట. కాళ్లూ చేతులూ నీరు పట్టడం, వేళ్లలో తిమ్మిర్లు, గాఢనిద్ర కూడా చెబుతారు. దుష్ఫలితం అనుకున్న ఆకలి, ఈ పెప్టైడ్ అనుకరించే గ్రెలిన్ ఒంట్లో చేసే పనుల్లో ఒకటి.

మరి బలం మాటేమిటి? ఇదే గ్రాహకం మీద పనిచేసే ఎంకే-677 అనే మాత్రను 60 ఏళ్లు దాటిన 65 మంది ఆరోగ్యవంతుల మీద పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. ఏడాదిలో కొవ్వు కాని శరీర బరువు సుమారు కిలో పెరిగింది. బలం మాత్రం పెరగలేదు. పైగా రక్తంలో చక్కెర కాస్త పెరిగింది, ఇన్సులిన్ పట్టు తగ్గింది. తుంటి ఎముక విరిగిన వృద్ధులపై అదే మాత్రతో చేసిన మరో పరీక్షను, గుండె వైఫల్యం ఆనవాళ్లు కనిపించడంతో మధ్యలోనే ఆపేశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చిక్కిపోయినవారికి ఇదే గ్రాహకం మీద పనిచేసే అనమోరెలిన్ అనే మందు ఇస్తే ఒళ్లు చేసింది, చేతి పట్టు మెరుగుపడలేదు. జపాన్ దాన్ని 2021లో ఆమోదించింది, యూరప్ తిరస్కరించింది.

గ్రెలిన్ గ్రాహకం మీద పనిచేసే ఈ మందుల కుటుంబం నిలదొక్కుకున్న చోటు రోగ నిర్ధారణ. పెద్దల్లో పెరుగుదల హార్మోన్ లోపాన్ని పట్టడానికి 2017లో అమెరికా ఆమోదించిన మాసిమోరెలిన్ తాగే మందు. కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకుండా ఉండి, కిలో బరువుకు అర మిల్లీగ్రాము చొప్పున తాగాలి. తర్వాత 30, 45, 60, 90 నిమిషాలకు నాలుగుసార్లు రక్తం తీస్తారు. ఆరోగ్యమైన పీయూష గ్రంథి అయితే హార్మోన్‌ను వదులుతుంది, లోపమున్నది వదల్లేదు. ఒక్క మోతాదుతో పని పూర్తయిపోతుంది.

ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధిత జాబితాలో ఈ పెప్టైడ్లన్నీ ఉన్నాయి. పోటీలు లేని రోజుల్లో దొరికినా శిక్ష తప్పదు, మన దేశపు క్రీడాకారులకూ అదే నియమం. ఇక పిల్లల ఎత్తు గురించి దిగులుపడే తల్లిదండ్రులకూ, కండల మోజున్న కుర్రాళ్లకూ చెప్పేది ఒక్కటే. రక్తపరీక్ష కాగితం మీద హార్మోన్ అంకె పెరిగినంత మాత్రాన బలం పెరిగినట్టు కాదు. అనుమానం ఉంటే ఎండోక్రైనాలజిస్టు దగ్గరికి వెళ్లండి. మనుషుల వాడకానికి కాదని తన మీదే రాసుకున్న సీసాను మాత్రం నమ్మకండి.