షుగరు మాత్రలో ఏముందో తెలుసుకొని వాడుదాం



జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల సంఘాలలో పాలు పోయడానికి వచ్చేవారిలో షుగరు మాత్రలు వాడేవారు ఇప్పుడు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. భారత వైద్య పరిశోధన మండలి సర్వేను బట్టి 2023లో వెలువడిన అంచనా ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా జనానికి ఈ జబ్బు ఉన్నది. అనేకులకు వైద్యులు రాసేది ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిసిన మిశ్రమ మాత్ర. మాత్ర మంచిదే. కాని అందులో ఏమున్నదో తెలియక, వేళకు తిండి లేక వాడితే ప్రాణం మీదికి వస్తుంది. మోతాదు నిర్ణయించేది వైద్యులే. వాడేవారు తెలుసుకొనవలసిన విషయాలను మాత్రమే ఇక్కడ వివరిస్తున్నాము.

రెండు మందులు ఎందుకు?

గేదె దాణాలో తవుడు ఒక పనికి, చెక్క ఒక పనికి, ఖనిజ లవణ మిశ్రమం మరొక పనికి కలుపుతాము. ఇదీ అటువంటిదే. మెట్‌ఫార్మిన్ కాలేయం నుండి రక్తంలోకి వచ్చే చక్కెరను తగ్గిస్తుంది. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటివి క్లోమ గ్రంథి చేత ఇన్సులిన్‌ను ఎక్కువగా ఊరిస్తాయి. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ తిండి తిన్నప్పుడు ఇన్సులిన్ ఊరడానికి సాయపడతాయి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ చక్కెరను మూత్రం ద్వారా బయటకు పంపుతాయి. ఒక మందుతో చక్కెర అదుపు కానప్పుడు వేరొక దారిలో పనిచేసే మందును జత చేస్తారు.

అయితే ప్రతి కలయికా మంచిది కాదు. 2018 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం 328 రకాల మిశ్రమ మందులను నిషేధించినది. వాటిలో షుగరు మందులు కూడా ఉన్నవి. కనుక పొరుగువారికి బాగా పనిచేసిందని అదే మాత్ర కొని వాడరాదు.

ఒకే మందు రెండుసార్లు పడరాదు

అట్ట మీద ఉండే పేర్లలో ఒకటి కంపెనీ పెట్టిన పేరు. దానితోపాటు ఉండేదే మందు అసలు పేరు, మోతాదు. ఒక సంఘం తనిఖీకి వెళ్ళినప్పుడు ఒక సభ్యురాలు రెండు అట్టలు చూపించారు. ఒకటి విజయవాడలో రాసినది, ఒకటి ఊరిలో ఇచ్చినది. పేర్లు వేరు, రంగులు వేరు. లోపల ఉన్నవి రెండింటిలోనూ గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్‌లే. ఒకే పద్దు రెండు పుస్తకాలలో పడితే లెక్క తప్పుతుంది. ఒకే మందు రెండు మాత్రలలో పడితే మనిషి పడిపోతాడు. కొత్త వైద్యుని దగ్గరకు వెళ్ళినప్పుడు వాడుతున్న అట్టలన్నీ సంచిలో వేసుకొని వెళ్ళాలి. పశువుల మందులు పెట్టే గూటిలో మన మాత్రలు పెట్టరాదు.

ఎస్.ఆర్., ఇ.ఆర్., ఎక్స్.ఆర్. అని ఉన్న మాత్ర నెమ్మదిగా కరిగేటట్లు చేసినది. దానిని నలపరాదు, నమలరాదు. ఒక పూట మరచిపోతే మరుపూట రెండు కలిపి వేసుకోరాదు.

తెల్లవారుజామున లేచేవారికి

మన సభ్యులు 4 గంటలకు లేచి, పాలు పిండి, సంఘంలో పోసి, అటునుండి అటే గడ్డికో, మిరప కోతకో వెళతారు. గ్లిమిపిరైడ్ ఉన్న మాత్రను లేవగానే టీతో వేసుకొని పదింటి వరకు ఏమీ తినకపోతే చక్కెర పడిపోతుంది. ఈ మాత్రను టిఫిను ముందుగాని, టిఫినుతోగాని వేసుకోవాలి. తిండి లేనిదే మాత్ర లేదు. కార్తీక మాసపు ఉపవాసాలు, దీక్షలు, రంజాను ఉపవాసం ఉండేవారు ముందుగానే వైద్యుని కలిసి మోతాదు, వేళలు మార్పించుకోవాలి. కల్లు, సారా ఈ మందులతో కలిస్తే ప్రమాదం రెట్టింపు.

చెమట, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, మాట తడబాటు కనబడితే చక్కెర పడిపోయినట్లే అనుకోవాలి. పరీక్షలో 70 కంటే తక్కువ ఉంటే అది ఖాయం. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి. 15 నిమిషాలలో తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలి. తేరుకున్న తరువాత అన్నమో, ఇడ్లీయో పెట్టాలి. ఇంట్లో పాలున్నవి గదా అని చిక్కని గేదె పాలు ఇచ్చి ఊరుకోరాదు. వెన్న వల్ల పాలలోని చక్కెర రక్తానికి ఆలస్యంగా అందుతుంది. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయరాదు. 108కి ఫోను చేయాలి. గ్లిమిపిరైడ్ వాడేవారికి కొన్ని గంటల తరువాత మళ్ళీ పడిపోవచ్చును గనుక ఆ రోజు వారిని ఒంటరిగా వదలరాదు.

ఎండాకాలం, వాంతులు, విరేచనాలు

మన మెట్ట ఎండలు ఎటువంటివో చెప్పనక్కరలేదు. వాంతులు, విరేచనాలు, తీవ్ర జ్వరం వల్ల ఒంట్లో నీరు తగ్గినప్పుడు మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ వంటివి తాత్కాలికంగా ఆపవలసి రావచ్చును. వెంటనే వైద్యుని అడగాలి. డాపాగ్లిఫ్లోజిన్ వాడేవారికి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే, చక్కెర మరీ ఎక్కువ లేకపోయినా ఆసుపత్రికి చేరాలి. ఆపరేషనుకు, రంగుమందు ఎక్కించి తీసే స్కానింగుకు వెళ్ళేముందు ఈ మాత్రల సంగతి తప్పక చెప్పాలి.

మూత్రపిండాల పరీక్ష

2022 ఏప్రిల్‌లో ఏర్పడిన మన ఎన్.టి.ఆర్. జిల్లాలోనే ఎ. కొండూరు మండలం తండాలలో ఎందరో మూత్రపిండాల జబ్బుతో బాధపడడం అందరికీ తెలిసినదే. కారణం ఏదైనా, మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి ఈ మాత్రల మోతాదు మారాలి. రక్తపరీక్షలో ఇ.జి.ఎఫ్.ఆర్. అనే అంకె 45 కంటే తగ్గితే మెట్‌ఫార్మిన్ తగ్గిస్తారు. 30 కంటే తగ్గితే ఆపివేస్తారు. కనుక ఏడాదికి ఒకసారైనా ఈ పరీక్ష చేయించుకోవాలి. ఒళ్ళునొప్పులకు దుకాణంలో బిళ్ళలు కొని తరచు మింగడం మూత్రపిండాలకు చేటు. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారికి బి12 విటమిన్ తగ్గి అరికాళ్ళు తిమ్మిరెక్కవచ్చును. అదీ చూపించుకోవాలి.

పరగడుపు పరీక్ష ఒక్కపూట చిట్టా వంటిది. హెచ్.బి.ఎ.1సి. పరీక్ష సుమారు మూడు నెలల ఖాతా. ఆడిటు జరగని సంఘం లెక్కలు నమ్మలేనట్లే, ఈ పరీక్ష లేకుండా షుగరు అదుపులో ఉన్నదని చెప్పలేము. అది బాగున్నదని తెలిసినా మాత్రలు సొంతంగా మానరాదు.

సంఘ కార్యదర్శులు ఈ విషయాలను సభ్యులకు చదివి వినిపించవలెనని, పాల కేంద్రంలో ఒక డబ్బా పంచదార, గ్లాసు ఎప్పుడూ అందుబాటులో ఉంచవలెనని కోరుచున్నాము. షుగరు మాత్రలు వాడే ప్రతి సభ్యుడూ తన మందుల అసలు పేర్లు, మోతాదులు ఒక కాగితం మీద రాయించుకొని పాల పాసు పుస్తకంలో పెట్టుకోవాలి. సంఘంలో కళ్ళు తిరిగి పడిపోయిన రోజున, తోటివారు 108 సిబ్బందికి చూపించగలిగేది ఆ కాగితమే.